తొమ్మిది గేర్ల బాక్సు

మా బావ బండికి గేర్‌బాక్సు ఎంచింది నేనే. ఈ ఒక్క మాట రాయడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది. అడిగినవాళ్లకు చెప్పడానికి వేరే మాటలు చాలా ఉన్నాయి. బండి పాతది, దిగుడు నిటారుగా ఉంది, ఆ రోజు జైనూరు సంత, బ్రేకులు పట్టలేదు. అవన్నీ నిజాలే. వాటి వెనక దాక్కోవచ్చు కూడా. కొంతకాలం దాక్కున్నాను.

నేను కరీంనగర్ బైపాస్ పక్కన ఒక రేకుల షెడ్డులో లారీల గేర్‌బాక్సులు విప్పి బాగుచేస్తాను. మాది సాంచాల ఇల్లు. మా బాపు నాలుగు మరమగ్గాల మధ్య నిలబడి, కళ్లు మూసుకుని కూడా ఏ సాంచ ఇంకాసేపట్లో పోగు తెంపుతుందో చెప్పేవాడు. నాకు ఆ చెవి వచ్చింది కానీ నేత రాలేదు. పదో తరగతి తప్పాక ఉస్తాద్ దగ్గర చేరాను. షెడ్డు ఆయనదే. ఇప్పుడు ఆయనకు డెబ్బై దగ్గర పడింది, చూపు మందగించింది. అయినా బేరింగును చిటికెన వేలిమీద తిప్పి, అది ఇంకెన్ని నెలలు నడుస్తుందో చెబుతాడు. పని చేసేది నేను, మాట చెప్పేది ఆయన. చాలా ఏళ్లుగా మా మధ్య అదే ఒప్పందం.

బావ అంటే మా అక్క మొగుడు. పన్నెండేళ్లు సౌదీలో ట్రెయిలర్ నడిపాడు. పొట్టి మనిషి. సీటు మీద ఒక దిండు, నడుము వెనక ఒక దిండు వేసుకుని నడిపేవాడు. ఇస్త్రీ చొక్కా లేకుండా స్టీరింగు పట్టుకునేవాడు కాదు. అక్కడి అలవాటు ఒకటి మిగిలిపోయింది: క్యాబిన్‌లోకి ఎక్కే ముందు రెండు చెప్పులూ తట్టి, దుమ్ము దులిపి ఎక్కేవాడు. కంకర మోసే బండిలో దుమ్ము దులపడమేమిటని తోటి డ్రైవర్లు నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు, చెప్పులు మాత్రం దులిపేవాడు.

తిరిగొచ్చాక ఆయన పాత పది టైర్ల టిప్పర్ ఒకటి కొన్నాడు. జైనూరు వైపు అడవి ఊళ్లకు రోడ్డు పని నడుస్తోంది. కింద మైదానంలో ఉన్న క్రషర్ నుంచి కంకర ఎత్తి, కొండ మీది ఘాటు రోడ్డు ఎక్కించి, అవతల దించి పని జరిగే చోట పోయాలి. బండికి అంత దమ్ము లేదు. ఘాటు మొదట్లోనే రెండో గేరుకు పడిపోయేది. వెనక వచ్చిన బండ్లన్నీ హారన్ కొట్టి దాటిపోయేవి. సౌదీలో నలభై టన్నులు లాగినవాడికి అది చిన్నతనంగా ఉండేది. అక్కతో అనేవాడట, "ఎడ్లబండి లెక్క పోతున్న. సైకిలోడు గూడ సైడిమ్మంటుండు."

ఒకరోజు నాకు చెప్పకుండానే వెళ్లి డీజిల్ పంపు పెంచుకుని వచ్చాడు. పంపు పెంచడమంటే ఇంజన్లోకి వెళ్లే డీజిల్ ఎక్కువ చేయడం. దానికి తోడు పెద్ద బండి నుంచి తీసిన టర్బో కూడా పెట్టించాడు. షెడ్డు ముందుకు వచ్చి, న్యూట్రల్‌లోనే యాక్సిలరేటర్ తొక్కి వినిపించాడు. నల్లటి పొగ రేకుల కప్పుకు తగిలి మా మీదికే తిరిగొచ్చింది.

"ఎట్లుంది బామ్మర్దీ?" అన్నాడు కిందికి దిగి.

"ఇంజన్ మంచిగనే ఉంది బావా. ఎన్క ఉన్నవి ఏమంటయో సూడాలె," అన్నాను.

వెనక ఉన్నవి త్వరగానే చెప్పాయి. ముందు క్లచ్ పోయింది. ఎక్కుడులో ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు, మాడిన వాసన వస్తుంది. గట్టి క్లచ్ ప్లేటు వేశాను. క్లచ్ జారడం ఆగింది. అప్పటిదాకా ఆ జారడంలో పోయిన బలమంతా నేరుగా గేర్‌బాక్సు మీద పడింది. నెల తిరక్కుండా మూడో గేరు పళ్లు రాలాయి. ఆయిల్ దించితే బియ్యంలో రాళ్లలా ఇనుప ముక్కలు పళ్లెంలో పడ్డాయి.

ఆ పళ్లెం మధ్యలో పెట్టుకుని ముగ్గురం కూర్చున్నాం. బావ, ఉస్తాద్, నేను. ముందు మూడు దారులున్నాయి. అదే ఆరు గేర్ల బాక్సులో కొత్త పళ్లు వేయడం ఒకటి. కానీ ఆ బలానికి అవీ నిలవవు. పెద్ద బండ్లకు ఉండే తొమ్మిది గేర్ల బాక్సు తెచ్చి దీనికి కూర్చడం రెండోది. పంపును మళ్లీ ముందున్నట్టుగా తగ్గించడం మూడోది.

ఉస్తాద్ మూడోదే చెప్పాడు. "పంపు తగ్గియ్ భయ్. బండి తన చాల్‌తోని, తన నడకతోని తను పోతది. నీకు అంత జల్ది ఏంది?"

బావ మొహం చిన్నబోయింది. "మళ్ల ఎడ్లబండి చెయ్యమంటవా ఉస్తాద్?"

ఇద్దరూ నా వైపు చూశారు. నిజం చెప్పాలంటే నాకూ ఆ పని చేయాలని ఉంది. ఈ ఊళ్లో అలాంటి మార్పిడి అప్పటిదాకా ఎవరూ చేయలేదు. తుక్కుకు వచ్చిన ఒక పెద్ద ట్రెయిలర్ బాక్సు రామగుండం దారిలో ఒక గోదాంలో పడి ఉందని నాకు ముందే తెలుసు. రెండుసార్లు వెళ్లి చూసొచ్చాను కూడా. పైమూత విప్పి చూస్తే లోపలి పళ్ల మీద పూత కూడా పోలేదు. దాన్ని ఎవరైనా తెమ్మంటారేమోనని ఎదురుచూస్తూనే ఉన్నాను. అది బావ అవసరమా, నా ముచ్చటా అని ఆ రోజు నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

"తొమ్మిది గేర్లది పెడదాం," అన్నాను. "అది ఇరుగదు. జిందగీల ఇరుగదు."

ఉస్తాద్ లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాడు.

బాక్సు తెచ్చి కూర్చడానికి పది రోజులు పట్టింది. ఇంజన్‌కూ బాక్సుకూ మధ్య రింగు ఒకటి లేత్ మీద చేయించాం. బాక్సు పొడవు కాబట్టి, వెనక చక్రాలకు వెళ్లే షాఫ్టు కోయించి పొట్టి చేశాం. కింద కొత్త పట్టీలు వెల్డింగ్ చేశాం. నా చేతులతో చేసిన పనుల్లో అంత శ్రద్ధగా ఇంకేదీ చేయలేదు. చివరికి మిగిలింది గాలి.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. తొమ్మిది గేర్ల బాక్సులో గేర్లు రెండు వరసలు. కింది వరస బరువు లాగడానికి, పై వరస వేగానికి. ఒక వరస నుంచి ఇంకోదానికి మారాలంటే గేరు రాడ్డు మీదున్న చిన్న మీట నొక్కాలి. అప్పుడు గాలి ఒత్తిడితో లోపల వరస మారుతుంది, టక్ మని చప్పుడవుతుంది. ఆ చప్పుడు వచ్చేదాకా బండి ఏ గేర్లోనూ ఉండదు. లారీల బ్రేకులు కూడా గాలితోనే పని చేస్తాయి కాబట్టి, పెద్ద బండ్లలో ఆ పనికి వేరే చిన్న గాలి ట్యాంకు ఉంటుంది. మేము తెచ్చిన బాక్సుకు అది లేదు, గోదాంలోనే ఎవరో పీకేశారు.

ఉస్తాద్ బండి కిందికి వంగి, చూపు ఆననందుకు వేళ్లతో పైపును తడుముతూ అడిగాడు. "గాలి యాడికెల్లి తీస్తున్నవ్?"

"బ్రేకుల ట్యాంకికెల్లి. ప్రస్తుతానికి."

"నక్కో, అట్ల వద్దు. వేరే ట్యాంకి పెట్టు. బ్రేకు, గేరు ఒక్క కుండల నీళ్లు తాగొద్దు."

"కరీంనగర్ల దొర్కలే ఉస్తాద్. హైద్రాబాద్‌కెల్లి తెప్పియ్యాలె. వారంల పెడ్త."

నిజంగానే దొరకలేదు. రెండు రోజులు ఆగితే వచ్చేది. కానీ అవతల పని ఆగిందని బావకు ఫోన్ మీద ఫోన్ వస్తోంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, షెడ్డు బయట అటూ ఇటూ తిరుగుతున్నాడు. నాకూ బండి నడిచేది చూడాలన్న ఆత్రం. బ్రేకుల ట్యాంకు నుంచి ఒక సన్నటి పైపు తీసి గేర్‌బాక్సుకు కలిపాను. మీట నొక్కితే టక్ మంది. మళ్లీ నొక్కాను, మళ్లీ టక్ మంది. నాకు చాలనిపించింది.

వారంలో పెడతానన్నది పెట్టలేదు. మరిచిపోయానని చెప్పుకోలేను, గుర్తుంది. బండి బాగా నడుస్తోంది, బావ సంతోషంగా ఉన్నాడు, షెడ్డులో వేరే పనులున్నాయి. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని చాలాసార్లు వెతికాను.

మధ్యలో ఒకసారి బావతో పాటు నేనూ వెళ్లాను. క్రషర్ దగ్గర కంకర ఎత్తుకుని, ఉదయం పూట ఘాటు మొదలుపెట్టాం. రెండు పక్కలా టేకు చెట్లు ఆకు రాల్చి ఉన్నాయి. బండి కింది వరస మూడో గేర్లో గుక్క తిప్పుకోకుండా ఎక్కింది. ముందు పోతున్న రెండు బండ్లను దాటించి, బావ నా తొడ మీద చరిచాడు.

"సూసినవా బామ్మర్దీ! నువ్వు పెట్టిన బాక్సు. సౌదీల గూడ గిట్ల ఎక్కలే."

"సౌదీల ఘాట్లు యాడియి బావా?"

"అదే అంటున్న. అక్కడ అంత సాపు. గంటలు గంటలు ఒక్క గేరే." నవ్వాడు.

ఎక్కాక అవతల దిగుడు వచ్చింది. పొడవైంది కాదు, కానీ నిటారుగా ఉంది, కింద ఒక మూలమలుపు ఉంది. దిగుతూ బ్రేకు తొక్కినప్పుడల్లా గాలి ఒత్తిడి చూపే ముల్లు కొంచెం కొంచెం పడడం చూశాను. మలుపు ముందు బావ వరస మార్చాడు. టక్ మనే చప్పుడు వచ్చింది, కానీ రావాల్సినదానికంటే ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యం బావకు వినపడలేదు. నాకు వినపడింది.

"బావా, దిగుడుల వరస మార్చకు. పైన్నే కింది గేర్లకు ఏస్కొని దిగు," అన్నాను.

"ఏమైంది?"

"ఏం కాలే. గట్ల మంచిది."

ఎందుకు మంచిదో చెప్పలేదు. చెబితే ట్యాంకు ఎందుకు పెట్టలేదో చెప్పాలి. బావ "సరే తియ్యి" అన్నాడు. మలుపు దగ్గర చిన్న హోటల్ ముందు ఆపి టీ తాగాం.

మూడు వారాల తర్వాత ఒక గురువారం, పదకొండు గంటలప్పుడు, ఎవరిదో కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. నేను ఒక క్లచ్ విప్పుతున్నాను. అవతలి మనిషి తెలుగులో సగం మరాఠీ ఉంది. బండి గుట్టకు గుద్దుకుందని, డ్రైవర్ లోపలే ఉన్నాడని, ఫోన్లో ఆఖరి నంబరు మీదేనని చెప్పాడు. నేను రెంచీ కింద పెట్టానో, చేతిలోనే ఉందో గుర్తులేదు. జన్నారం దాటాక చూసుకుంటే ఒళ్లో ఉంది.

లోడంతా ముందుకు వచ్చి క్యాబిన్‌ను నొక్కేసింది. బావను బయటికి తీయడానికి రెండు గంటలు పట్టిందట. నేను చేరేసరికి అక్కడి ఆస్పత్రి నుంచి మంచిర్యాలకు తీసుకెళ్లారు. అక్కడి నుంచి కరీంనగర్‌కు పంపారు. కుడి కాలు మోకాలి పైనుంచి నలిగిపోయింది. మూడో రోజు తీసేశారు. ఇంకెవరికీ దెబ్బ తగల్లేదు. మలుపు దగ్గర సంతకు పోయేవాళ్లు చాలామంది ఆటోల కోసం నిలబడి ఉన్నారని, బండి వాళ్ల వైపు పోకుండా గుట్ట వైపు తిరిగిందని చెప్పారు.

బండిని చూసిన అధికారి బ్రేకులు పట్టలేదని రాసుకుని వెళ్లాడు. డ్రమ్ములు కాలి నీలంగా మారాయి కాబట్టి అందులో అబద్ధం లేదు. గేర్‌బాక్సు సంగతి ఎవరూ అడగలేదు.

ఐదో రోజు బావకు కాస్త తెలివి వచ్చింది. మందుల మత్తులోనే అయినా మాట స్పష్టంగా ఉంది. అక్క కింద ఫార్మసీ దగ్గర ఉంది. మంచం పక్కన నేనొక్కడినే ఉన్నాను.

"బామ్మర్దీ," అన్నాడు. "అది టక్ మనలే."

నేను కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకున్నాను.

"నువ్వు చెప్పినట్టు పైన్నే కింది గేర్లకు ఏస్కోలే. ముందల ట్రాక్టర్ ఉండె. పత్తి లోడు. దాని ఎన్క మెల్లగ దిగుకుంట పోయిన. బ్రేకు దొక్కుడు, ఇడుసుడు. ట్రాక్టర్ పక్కకు పోయినంక కింది వరసకు ఏద్దామని మీట నొక్కిన. అది టక్ మనలే. మళ్ల పైకి ఏద్దామంటె పళ్లు గీరుకుంటున్నయి, పడ్తలేదు. రాడ్డు అటు పోతలేదు, ఇటు పోతలేదు. ఎందుకు అనలే?"

అబద్ధం చెప్పడానికి అంతకంటే తేలికైన సమయం ఉండదు. పళ్లు పట్టేసి ఉంటాయని అనొచ్చు. ఆయన నమ్మేవాడు. గేర్ల విషయంలో నా మాట ఎప్పుడూ నమ్మాడు.

"గాలి తక్కువైంది బావా," అన్నాను.

"గాలి ఎందుకు తక్కువైంది?"

"బ్రేకులకు, గేర్లకు ఒక్కటే ట్యాంకికెల్లి ఇచ్చిన. నువ్వు బ్రేకు దొక్కినకొద్ది దిగిపోయింది. వేరే ట్యాంకి పెట్టుమని ఉస్తాద్ చెప్పిండు. పెట్టలే. మొన్న నీతోని వచ్చినప్పుడు గూడ నాకు ఎరుకైంది. చెప్పలే."

ఆయన కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. అంతలో పెదవులు కదిలాయి.

"పంపు పెంచుమన్నది నేనే గద."

"బావా..."

"అక్కకు చెప్పకు."

నన్ను క్షమించాడో, అక్క మనసు కష్టపెట్టడం ఇష్టం లేక అన్నాడో, ఆ మందుల్లో తనేమంటున్నాడో తనకే తెలియదో, నాకు తెలియదు. తర్వాత అడగడానికి వీలు చిక్కలేదు. కిడ్నీలు పని చేయడం మానేశాయి. నలిగిన కండ నుంచి విషం రక్తంలోకి వెళ్తుందని డాక్టర్ చెప్పాడు. పదకొండో రోజు మధ్యాహ్నం, అన్నం వేళకు, పోయాడు. అక్క అప్పుడే టిఫిన్ డబ్బా మూత తీసింది. మళ్లీ పెట్టడం తెలియక, ఆ మూత చేత్తో పట్టుకునే వరండాలో కూర్చుంది.

దినాలు అయిపోయాయి. చుట్టాలు వెళ్లిపోయారు. ఉస్తాద్ వచ్చి గుమ్మం బయట కుర్చీలో గంటసేపు కూర్చుని వెళ్లాడు. "నేను చెప్పిన గద" అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండునని నేను ఎదురుచూశాను. షెడ్డులో ఆయన నాతో పని మాటలు మాట్లాడేవాడు. ఏదైనా బండికి గాలి పైపు కలపాల్సి వస్తే మాత్రం తనే కిందికి దూరి, తడుముకుంటూ, తన చేత్తోనే బిగించేవాడు. నన్ను పిలిచేవాడు కాదు.

రెండు నెలల తర్వాత అక్కకు చెప్పేశాను. బావ చెప్పొద్దన్నాడు, అయినా చెప్పాను. అక్క చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పెళ్లికి ముందు చుట్టేది, బావ సౌదీ పోయాక మానేసింది, ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టింది. వేళ్లు మరిచిపోలేదు. నేను మొదటి నుంచి చివరిదాకా చెబుతుంటే ఆ వేళ్లు ఆగలేదు. ఆకు తీయడం, తంబాకు పెట్టడం, చుట్టడం, దారం కట్టడం. అంతా విన్నాక ఆగాయి.

"ఇది నాకు ఎందుకు చెప్తున్నవ్ తమ్మీ?"

"నీకు తెల్వాలె గద అక్కా."

"నాకు తెల్వాల్నా? లేకుంటె నీ బరువు నువ్వు మోస్తలేవా?"

అక్క చాటను ఒళ్లోంచి దించింది.

"ఆయన సావు నాకు ఒకతీరుగ వచ్చింది. బ్రేకులు పోయినయి, మనిషి పోయిండు. ఎవ్వల మీద కోపం లేకుంట ఏడ్సుకుంటున్న. ఇప్పుడు దాంట్ల నిన్ను తెచ్చి కూసోవెట్టినవు. నేను ఆయనకు ఏడ్వాల్నా, నిన్ను తిట్టాల్నా?" గొంతు పెంచలేదు. "నాకు అవ్వ లేదు, బాపు లేడు. తల్లిగారి దిక్కు ఉన్నది నువ్వొక్కనివి. ఆ ఒక్కటి గూడ తీసుకపోయినవు."

లేచి లోపలికి వెళ్లింది. చాటలో సగం చుట్టిన బీడీ ఒకటి విచ్చుకుంటోంది. అది పూర్తిగా విచ్చుకునేదాకా కూర్చుని, చెప్పులేసుకుని వచ్చేశాను.

తర్వాత ఏడు నెలలు అక్క నాతో మాట్లాడలేదు. మా ఆవిడ వెళ్లి వచ్చేది. మేనకోడలు ఇంటర్ పరీక్షలు రాసిందని, అక్క చిక్కిపోయిందని చెప్పేది. నేను అదే షెడ్డులో అవే పనులు చేస్తూ ఉన్నాను. బండి తుక్కును ఒకతను కొనుక్కుపోయాడు. బాక్సు ఏమాత్రం చెడలేదని, చాలా గట్టిదని అతను నాకే చెప్పాడు.

ఒకరోజు ఫోన్లో అక్క పేరు కనిపించింది.

"జైనూరు పోవాలె. ఆ జాగ నేను సూడలే. తోల్కపోతవా?"

"కారు మాట్లాడ్త అక్కా."

"కారద్దు. బస్సుల పోదాం."

మంచిర్యాల దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఆసిఫాబాద్‌కు ఇంకొకటి, ఆపైన ఘాటు ఎక్కే మూడోది. దారి పొడుగునా అక్క కిటికీ వైపు కూర్చుంది. నస్పూర్ దాటేటప్పుడు ఒక్క మాట అంది, ఇక్కడ బొగ్గుబాయి పనిలో మా చిన్నమామ ఉండేవాడు కదా అని. అవునన్నాను. అంతే.

మలుపు దగ్గర దిగాం. గుట్ట రాయి మీద గీరుకుపోయిన గుర్తు ఇంకా తెల్లగా ఉంది. అక్క దగ్గరికి వెళ్లి చూసింది కానీ ముట్టుకోలేదు. చిన్న హోటల్ నడిపే ఆమె మమ్మల్ని గమనిస్తూ ఉంది. నడి వయసు మనిషి, చెవులకు బరువైన వెండి కమ్మలు. అక్కను చూసి ఆమెకే అర్థమైంది.

"ఆ బండి ఆయన నీ మనిషా తాయి?" అంది.

అక్క తలూపింది.

ఆమె బల్ల తుడిచి కూర్చోమంది. మేము అడగకుండానే టీ పెట్టింది. అది కాగుతుంటే చెప్పింది.

"ఆ దివస్ సంత ఉండె. ఈడ మస్తు మంది ఉండిరి, పోరగాండ్లు, ముసలోళ్లు. పైకెల్లి హారన్ ఇనవడ్డది. ఆగకుంట ఒక్కటే హారన్. నేను బయటికి వచ్చి సూసిన. బండి ఎన్కనుంచి పొగ. తలుపు తెరిచి ఉండె."

"ఏ తలుపు?" అన్నాను.

"ఆయన దిక్కుది. ఒక కాలు బయటికి పెట్టిండు. దుంకుతడనుకున్న. దుంకితే బతుకుతుండె, ఆడ అంత మట్టే." చెయ్యి చాపి రోడ్డు పక్కన మెత్తటి గట్టు చూపించింది. "మమ్ముల సూసిండు. కాలు లోపటికి తీసుకున్నడు. తలుపు మూసుకున్నడు. మూసుకొని గుట్ట దిక్కు తిప్పిండు."

అక్క ఆమె మొహంలోకే చూస్తోంది. "మూసుకున్నడా?"

"మూసుకున్నడు తాయి. నేను సూసిన. గట్టిగ గుంజుకున్నడు."

"అరిచిండా?"

"జరుగుండ్రి, జరుగుండ్రి అని అరిచిండు. కంకర మీద పడ్డంక అరువలే."

ఈ సంగతి బావ నాకు చెప్పలేదు. ఆస్పత్రిలో టక్ మనలేదని చెప్పాడు, ట్రాక్టర్ గురించి చెప్పాడు, తలుపు గురించి చెప్పలేదు. ఆయనకు దూకే సమయం ఉంది. నా పొరపాటు ఆయన ప్రాణం మీదికి తెచ్చింది, కానీ ఆఖరి క్షణంలో ఏం చేయాలో ఆయనే నిర్ణయించుకున్నాడు. దీనితో నా తప్పు ఒక్క పిసరు కూడా తగ్గదు. అది నాకు తెలుసు. ఆ రోజు ఆ బల్ల మీద కూర్చుని మొదటిసారి నా గురించి కాకుండా ఆయన గురించి ఏడ్చాను.

అక్క ఏడవలేదు. టీ గ్లాసు ఖాళీ చేసి, ఆమె ఎంత వద్దంటున్నా గ్లాసు తనే కడిగి పెట్టింది. ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడింది. సాయంత్రం బస్సు ఇక్కడ ఆగుతుందా అని మాత్రం అడిగింది.

బస్సు వచ్చింది. ఎండ ఇంకా ఉంది. ఎక్కడం మామూలుగానే ఎక్కాం. పైకి చేరాక ఇవతలి ఘాటు దిగుడు మొదలైంది. అక్క ముందు సీటు రాడ్డును రెండు చేతులతో పట్టుకుంది.

"తమ్మీ," అంది, తల తిప్పకుండానే. "బస్సు గేర్ల ఉందా?"

నేను విన్నాను. ఇంజన్ బరువును ఆపుకుంటూ మూలుగుతున్న చప్పుడు. రెండో గేరు.

"ఉంది అక్కా."

ఇంకో మలుపు వచ్చింది.

"ఇప్పుడు?"

"ఉంది."

ఆ ఘాటులో ఎన్ని మలుపులున్నాయో ఆ రోజే తెలిసింది. ప్రతి మలుపుకూ అడిగింది. ప్రతిసారీ విని, చెప్పాను. కింద చదునైన రోడ్డు మీదికి వచ్చాక ఆమె రాడ్డు వదిలేసి, సంచిలోంచి సీసా తీసి నీళ్లు తాగి, మిగిలినవి నా చేతికిచ్చింది.